బలపరిచినవారు కమలకుమారి

అమీర్‌పేటలో రామ్మోహనరావుగారి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. సంఘం రావుగారు అంటే మాత్రం తోపుడుబండి మీద జామకాయలు అమ్మేవాడు కూడా బండి వదిలేసి వచ్చి మా ఇంటి గేటు చూపిస్తాడు. ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు మావారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాని పేరు, మా హాల్లో చాప పరిచి ఇరవై మందితో మొదలుపెట్టిన పొదుపు పరపతి సంఘం తెచ్చిపెట్టింది. నెలనెలా తలా కొంత దాచుకోవడం, అవసరమైనవాళ్ళు అందులోంచి అప్పు తీసుకుని వడ్డీతో తిరిగి కట్టడం, ఆ వడ్డీలో మిగిలినదాన్ని ఏటా జూన్‌లో డివిడెండ్‌గా అందరూ పంచుకోవడం. పని అంతే. ఇప్పుడు అందులో వెయ్యిమందికి పైనే ఉన్నారు. ఆస్పత్రి నర్సులు, టైలర్లు, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్ళు, హాస్టళ్ళు నడిపేవాళ్ళు, సనత్‌నగర్ వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళు, అందరూ ఉన్నారు. మందుల షాపు మీద ఒక గది తీసుకుని బోర్డు కట్టారు. మొదటి రోజు నుంచీ అధ్యక్షుడు మావారే. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి "రావుగారుండగా ఇంకొకరెందుకు" అనేవారు, అందరూ చప్పట్లు కొట్టేవారు, భోజనాలకు లేచేవారు.

నేనూ సభ్యురాలినే. మొదట్లో మనుషులు చాలక, తన పేరు కింద నా పేరు రాసేశారు. మొన్నటి వేసవి దాకా నేను సంఘం మీటింగుకి వెళ్ళింది భోజనానికే.

ఆయనకి చెడ్డ అలవాటు ఒక్కటీ లేదు. సంఘం డబ్బుతో టీ కూడా తాగరు. కాకపోతే ఎవరికీ లేదని చెప్పలేరు. గుమ్మంలోకి వచ్చిన సేల్స్‌మెన్‌కి లేదని చెప్పలేక మూడు వాటర్ ఫిల్టర్లు కొన్నారు. ఒకటి బిగించాం, రెండు మంచం కింద ఉన్నాయి. పొద్దున్న నడకకని వెళ్ళి, చొక్కా జేబు నిండా అప్పు దరఖాస్తులతో తిరిగొచ్చేవారు. ఎవరికీ కాదని చెప్పేవారు కాదు. "పాపం, అవసరమటే" అనేవారు. నేనూ "పాపం" అనేదాన్ని. ఇలాంటి మనిషితో కాపురం చేయడం నాకు చాలా ఇష్టంగానే ఉండేది.

పోయిన వేసవిలో నీళ్ళకి కటకట వచ్చింది. మా వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు హారన్ వినిపిస్తే జనం స్టవ్ మీద పాలు వదిలేసి పరిగెత్తేవాళ్ళు. అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం లచ్చమ్మ మా ఇంటికి వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్ళ సందు మొగలో బండి మీద అన్నం, కూరలు అమ్ముతుంది. ఉద్యోగాల కోసం కోచింగుకొచ్చిన పిల్లలకి ఆవిడ పప్పుచారంటే ప్రాణం.

"అక్కా, అన్న ఉన్నడా?"

"లేరమ్మా. సంఘానికి వెళ్ళారు. అక్కడ కలవలేదా?"

"ఆడికెంచే వస్తున్న." ఫ్యాను కింద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. నేనిచ్చిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసింది. "అక్కా, గా మూల మీద షట్టర్ ఖాళీ అయితుంది. ఇంకెన్నేండ్లు బండి మీద అమ్మాలె? ఎండల నిలబడితే కండ్లు తిరుగుతున్నయ్. ఓనరు అడ్వాన్సు తెమ్మంటుండు. సంఘంల దాసుకున్న పైసలు తీస్కుందామని పోతే ఆఫీసుల మేడం వచ్చే వారం రమ్మన్నది. పోయిన వారం సుత గిదే మాట."

"మరి ఆయనతో చెప్పలేకపోయావా?"

లచ్చమ్మ గ్లాసు కింద పెట్టింది. "అన్నకెట్ల చెప్తనక్కా? మా ఆయన పోయినప్పుడు కాయితం అడగకుంట పైసలు చేతుల వెట్టిండు. గసుంటి మనిషి మొకం మీద, నా పైసలు నాకియ్యి అని నోరెట్ల వస్తది? నువ్వే జర అడుగు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను. "లచ్చమ్మ డబ్బు ఎందుకివ్వలేదండీ?"

"ఇస్తాంలే. జూన్ దాకా కొంచెం టైటుగా ఉంది."

"ఎందుకని?"

"హాస్టళ్ళవాళ్ళు సరిగ్గా కట్టట్లేదు కమలా. ఐటీలో ఉద్యోగాలు తగ్గాయని కోచింగుకొచ్చే పిల్లలు సగమయ్యారు. వచ్చిన డబ్బు ట్యాంకర్లకే సరిపోతోంది పాపం."

"మరి జూన్‌లో డివిడెండ్ ఉంటుందా?"

"ఉండకపోతే ఎలా? ఇన్నేళ్ళుగా ఇస్తున్నాం. ఒక్క ఏడు ఆగితే జనం ఏమనుకుంటారు?"

"లచ్చమ్మకివ్వడానికి లేని డబ్బు డివిడెండ్‌కి ఎక్కణ్ణించి వస్తుంది?"

నిజానికి నేను పోట్లాటకి అడగలేదు. ఇంటి ఖర్చు లెక్క తప్పినప్పుడు ఆయన్ని అడిగినట్టే అడిగాను. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. పెరుగన్నం తినకుండా ఆ మనిషి లేవడం పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారం జీవమణి వచ్చింది. పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సీనియర్ నర్సు. సంఘం పాలకవర్గంలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒకతె. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బైబిలు, కట్టుకున్న తెల్లచీర ఇంకా నలగలేదు. ఆవిడ భర్త జ్ఞానరాజు కింద స్కూటరు మీదే ఉండిపోయాడంటే, ఇది మామూలు రాక కాదని తెలిసింది.

"అన్నయ్యగారు లేరు కదా వదినా?"

"లేరు. కూర్చో."

కూర్చుంది కానీ కాఫీ వద్దంది. అదీ మామూలు విషయం కాదు.

"వదినా, మీతో చెప్పకుండా చేస్తే ద్రోహం అవుతుంది. అందుకొచ్చాను. ఈసారి సర్వసభ్య సమావేశంలో నేను లేచి మాట్లాడతాను."

ఆవిడ చెప్పింది నాకు అర్థమవడానికి పెద్దగా టైం పట్టలేదు. ఇంట్లో నాలుగు చీటీలు నడిపిన ఏ ఆడదానికైనా అర్థమవుతుంది. కొందరు పెద్ద అప్పులవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టడం లేదు. ప్రతి మార్చిలో వాళ్ళు పాత అప్పు తీర్చేసినట్టు రాస్తారు, అదే రోజు కొత్త అప్పు ఇచ్చినట్టు రాస్తారు. రూపాయి చేతులు మారదు. వడ్డీ వచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది. రాని ఆ వడ్డీలోంచి అందరికీ డివిడెండ్ పంచుతారు. పంచేది మాత్రం నిజం డబ్బు. లచ్చమ్మలాంటివాళ్ళు దాచుకున్న డబ్బు.

"ఇది పాలకవర్గంలో అందరికీ తెలుసా?"

"తెలియకేం? నేనే ఎన్నోసార్లు అన్నాను. అన్నయ్యగారు 'చూద్దాం జీవమణమ్మా' అంటారు. మిగతావాళ్ళు ఆయన మొహం చూస్తారు. ఆయన ఒక్క పైసా ముట్టరని అందరికీ తెలుసు కదా, ఇంక అడిగేదెవరు?" "జ్వరమొచ్చిన మనిషికి జ్వరం లేదని రాస్తే మాకు ఉద్యోగం పోతుంది వదినా. ఇక్కడ చప్పట్లు కొడుతున్నారు."

ఈ ఏడు డివిడెండ్ ఆపేయాలని, పాత బాకీ ఉన్నవాడు ఎంతటివాడైనా కట్టమని నోటీసు పంపాలి తప్ప కొత్త అప్పు ఇవ్వకూడదని, ఇకమీదట ఎవరూ రెండు విడతలకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదని ఆవిడ ప్రతిపాదించబోతోంది. ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొక సభ్యుడు లేచి బలపరచాలి. అప్పుడే సభ దాన్ని చర్చకి తీసుకుంటుంది. బలపరచమని ఆవిడ చాలామందిని అడిగిందట. అందరూ నువ్వు చెప్పేది నిజమే అన్నారట, రావుగారి ఎదురుగా మాత్రం నిలబడలేమన్నారట.

"నువ్వు నన్ను అడుగుతున్నావా?"

"లేదు వదినా. మిమ్మల్ని ఎలా అడుగుతాను? చెప్పి వెళ్దామనే వచ్చాను."

ఆవిడ అడగలేదు, నిజమే. కానీ వెళ్ళాక చాలాసేపు నేను ఆ కుర్చీ ఎదురుగానే కూర్చుండిపోయాను.

పెద్ద అప్పులవాళ్ళలో అందరికంటే పెద్దవారు అచ్యుతరావుగారు. మా ఆయనకి ప్రాణస్నేహితుడు. ఎస్.ఆర్. నగర్‌లో మూడు హాస్టళ్ళు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మావారు ఊపిరాడక పడిపోతే, ఎక్కడా మంచం దొరకని రోజుల్లో, ఆ మనిషి తన ఖాళీ హాస్టల్లో గది తెరిచి పడుకోబెట్టారు. సనత్‌నగర్‌లో సిలిండర్ల కోసం లైన్లో నిలబడ్డారు. మాస్కు కట్టుకుని, రోజూ మా ఆయనకి కమలాలు వొలిచి పెట్టారు. ఈ రోజు మావారు పెరుగన్నం తింటున్నారంటే అచ్యుతరావుగారి వల్లే. ఆ కరోనాలోనే ఆయన హాస్టళ్ళు మునిగాయి. ఆ తర్వాత మళ్ళీ తేలనే లేదు.

రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు పొద్దున్న, ఆయన పేపరు చదువుతుంటే బాల్కనీలో ఎదురుగా కూర్చున్నాను. వెనకనుంచి చేయడం నాకు చేతకాదు.

"సర్వసభ్య సమావేశంలో జీవమణి ఒక ప్రతిపాదన పెడుతుంది. నేను బలపరుస్తాను."

ఆయన పేపరు దించారు. విషయం అప్పటికే తెలిసినట్టుంది. "అచ్యుతానికి నోటీసు పంపమంటావా?"

"సంఘం పంపుతుంది."

"నేను ఊపిరాడక కొట్టుకుంటుంటే..."

"నాకు తెలియదా? సిలిండరు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చింది నేను."

"మరి?"

"ఆయనకి ఋణపడింది మీరూ నేనూనండీ. లచ్చమ్మ పడలేదు."

కింద ట్యాంకరు దగ్గర ఎవరో బిందెలు తగిలించుకుని కేకలేసుకుంటున్నారు. ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టి, "నువ్వూ సభ్యురాలివే. నీ ఇష్టం" అన్నారు. ఎండెక్కిపోయినా సరే, చెప్పులేసుకుని నడకకి వెళ్ళిపోయారు.

ఆ నెలంతా మా ఇల్లు వింతగా నడిచింది. ఆయన మాట మానేయలేదు. మర్యాద పెంచేశారు. "కమలకుమారిగారూ, కాఫీ అయిందాండీ" అనడం మొదలుపెట్టారు. అది వేళాకోళమో కోపమో నాకు తెలియలేదు. ఆయనకీ తెలుసనుకోను. నేను "అయిందండీ అధ్యక్షా" అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్ళం కాదు. కానీ సాయంత్రం బంగినపల్లి కోస్తే మాత్రం టెంక నా పళ్ళెంలోనే పెట్టేవారు, నాకు టెంక చప్పరించడం ఇష్టమని. ఒకరోజు నేను బాల్కనీలో బట్టలు తీస్తుంటే, లోపల ఫోన్లో ఎవరితోనో "మా ఆవిడ సంగతి నీకు తెలియదు, అన్నదంటే చేస్తుంది" అంటున్నారు. ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదో గర్వమో, బట్టలు మడతపెడుతూ చాలాసేపు ఆలోచించాను.

జూన్‌లో పంజాగుట్టలో ఒక కమ్యూనిటీ హాలులో సమావేశం పెట్టారు. ఆ ఉదయమే మొదటి వాన. తడిసిన గొడుగులు గోడల వెంట వాలి ఉన్నాయి. వెనక వంటవాళ్ళు గుత్తివంకాయ పోపు పెడుతున్నారు, ఆ వాసనకి జనం అప్పుడే గడియారాలు చూసుకుంటున్నారు. అచ్యుతరావుగారు ముందు వరసలో కూర్చున్నారు. నన్ను చూసి ఎప్పటిలాగే "చెల్లెమ్మా, బాగున్నావా" అన్నారు. బాగున్నానన్నాను.

నివేదిక చదివారు. డివిడెండ్ శాతం చెప్పగానే చప్పట్లు. అప్పుడు జీవమణి లేచింది. ఆస్పత్రిలో రోగి బంధువులకి చెప్పినట్టు నిదానంగా, ఎవరి పేరూ ఎత్తకుండా, చెప్పాల్సిందంతా చెప్పింది. రెండో మాటకే గోల మొదలైంది. "ఏంది మేడం, మా డివిడెండు ఆపుతరా?" "రావుగారిని అనుమానిస్తుండ్రా?" అని కేకలు. ఒకతను కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

మావారు మైకు దగ్గరికి జరిగారు. కావాలంటే ఆ గోలలోనే తర్వాతి అంశం అనేయొచ్చు. ఎవరూ అడ్డుచెప్పరు. అనలేదు. "ప్రతిపాదన సభ ముందు ఉంది. బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. హాలంతా చూశారు, నేను కూర్చున్న వైపు తప్ప.

నేను లేచాను.

అప్పుడు చూశారు. ఒక్క క్షణం మా బాల్కనీలో ఇద్దరమే ఉన్నట్టనిపించింది. తర్వాత ఆఫీసు గొంతుతో, "మినిట్స్‌లో రాయాలి. పేరు చెప్పండి" అన్నారు.

"కమలకుమారి."

హాల్లో నవ్వులు. వెనకనుంచి ఎవరో అరిచారు. "ఇంటి పంచాయితీ ఇంట్ల చూస్కోరాదు భాయ్!"

మావారు బల్ల మీద గట్టిగా కొట్టారు. ఆయన అలా కొట్టగలరని నాకు తెలియదు. "సభ్యురాలు మాట్లాడుతున్నారు. వినండి."

నేను ఇంటి దగ్గర వంటింట్లో చాలా మాటలు కూర్చుకున్నాను. లేచి నిలబడేసరికి అన్నీ పోయాయి. ఒక్కటే మిగిలింది.

"అధ్యక్షుడుగారిని అడుగుతున్నాను. రేపు పొద్దున్న ఇక్కడున్నవాళ్ళలో ఓ వందమంది వచ్చి మా డిపాజిట్లు మాకిచ్చేయండి అంటే, సంఘం ఇవ్వగలదా?"

దానికి చెప్పడానికి ఆయన దగ్గర బోలెడు జవాబులున్నాయి. అందరూ ఒకేసారి రారనచ్చు. బ్యాంకులు మాత్రం ఇస్తాయా అనచ్చు. ఆలోచించి చెప్తాం అనచ్చు. అవన్నీ నాకు తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ఇవ్వలేం," అన్నారు.

రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. వెనకాల ఎవరికో వినపడలేదు కాబోలు, ఏమన్నారు ఏమన్నారు అంటున్నారు. ఆయన మైకు దగ్గరగా లాక్కుని, "ఇవ్వలేం" అని మళ్ళీ అన్నారు. "ఇప్పుడు చేతులెత్తండి. ప్రతిపాదనకి అనుకూలంగా ఉన్నవాళ్ళు."

ఎత్తినవాళ్ళే ఎక్కువమంది. మరీ ఎక్కువేం కాదు. కోపంతో భోజనం చేయకుండా వెళ్ళినవాళ్ళున్నారు. అచ్యుతరావుగారు ఎప్పుడు లేచి వెళ్ళారో నేను చూడలేదు. మావారి రెండు విడతలు ఎప్పుడో దాటిపోయాయి కనుక, పాలకవర్గం అక్కడే కూర్చుని జీవమణిని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. మావారు తన కుర్చీ ఆవిడకి జరిపారు. ఆవిడ కూర్చోలేక కాసేపు నిలబడే ఉంది. అది చూసి ఆయనే, "కూర్చో జీవమణమ్మా, ఎజెండాలో ఇంకో రెండు అంశాలున్నాయి" అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట లేదు. ఇంట్లోకి వచ్చాక చొక్కా విప్పుతూ, "పెరుగుందా కమలా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఫ్రిజ్ తలుపు చాటున ఏడ్చాను.

నేను భయపడినట్టే మర్నాడు మందుల షాపు ముందు రోడ్డు దాకా జనం. ఇవ్వలేమన్న మాట ఊరంతా పాకింది. జీవమణి సెలవు పెట్టి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మావారు అధ్యక్షుడు కాదు కదా, ఇంట్లో ఉండచ్చు. వెళ్ళారు. లైన్లో ఉన్నవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఎంత కావాలి? ఎప్పటికి కావాలి? ఆస్పత్రికా, ఫీజుకా?" అని అడిగారు. తక్షణం అవసరమున్నవాళ్ళకి ఆ వారమే ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏ నెలలో ఇస్తారో చెప్పి, చెప్పినట్టే ఇవ్వాలని జీవమణి పట్టుబట్టింది. డివిడెండ్‌కని తీసి పెట్టిన డబ్బు దానికే పోయింది. ఆయన లచ్చమ్మ షట్టర్ ఓనరు దగ్గరికి కూడా వెళ్ళారు. అడ్వాన్సు రెండు విడతల్లో ఇస్తుందని ఒప్పించి వచ్చారు. వారం తిరిగేసరికి జనం పల్చబడ్డారు. అడిగితే ఇస్తున్నారని తెలిశాక అడిగేవాళ్ళు తగ్గారు. కొందరు తీసుకున్నది మళ్ళీ తెచ్చి వేశారు కూడా.

నోటీసు అందుకున్న రోజు అచ్యుతరావుగారు మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఏరా రావూ, నాకు కాగితం పంపించావా?"

"సంఘం పంపింది అచ్యుతం."

"సంఘం అంటే ఎవర్రా? నువ్వు కాదూ?"

"ఇప్పుడు కాదు."

ఆయన నా వంక చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. "సరే చెల్లెమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ నెలలోనే ఒక హాస్టలు వదులుకున్నారు. మంచాలు, పరుపులు, గీజర్లు అమ్మి సంఘానికి కట్టారు. ఇంకా చాలా మిగిలింది. కట్టకపోతే ఉన్న రెండూ పోతాయి. అవి పోతే ఆయనకి తిండి గడవదు. ఇద్దరూ కలిసి నడిచే పార్కుకి ఆయన రావడం మానేశారు. మావారు ఒక్కరే వెళ్ళి తొందరగా తిరిగొచ్చేవారు. జేబులు ఖాళీగా ఉండేవి. మొహం కూడా అలాగే ఉండేది. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఆ మొహం చూస్తే అన్నం సహించేది కాదు.

జూలైలో ఒకరోజు శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. ఎక్కడికంటే చెప్పలేదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. సోఫాలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. నాకు కంగారు పుట్టింది.

"ఏంటండీ? ఏమైంది?"

"కొట్టేసింది కమలా! నా అప్లికేషన్ కొట్టేసింది!"

"ఎవరు? ఏం అప్లికేషన్?"

"జీవమణి! అప్పు కోసం పెట్టాను. నా పెన్షన్ మీద. బల్ల దగ్గర కూర్చోబెట్టి, టీ తెప్పించి, 'ఎందుకన్నయ్యగారూ ఇంత డబ్బు' అంది. ఆ పిల్లకి అబద్ధం ఎలా చెప్తాం? అచ్యుతం బాకీ కట్టడానికి అన్నాను. 'అంటే అదే బాకీ ఇంకో పేరుతో మళ్ళీ మన దగ్గరే ఉంటుంది కదా, కుదరదు' అంది. ఎంత తేలిగ్గా అందనుకున్నావు! ఇన్నేళ్ళలో నా నోట్లోంచి రాని మాట, టీ ఇస్తూ అనేసింది!"

ఏదో బహుమతి వచ్చినట్టు చెబుతున్నారు. జూన్ తర్వాత ఆయన అలా నవ్వడం అప్పుడే. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఆపుకోలేక ఆపుకోలేక నవ్వాం. నవ్వు అయ్యాక ఆయన కళ్ళు తుడుచుకుని, "కానీ వాడిని ఎలా వదిలేయను కమలా" అన్నారు.

మా దగ్గర ఒక డబ్బుంది. నా మోకాళ్ళు అరిగాయని, మూడో అంతస్తుకి ఎక్కలేకపోతున్నానని, ఈ ఫ్లాటు అమ్మేసి మధురానగర్‌లో లిఫ్టున్న ఇంటికి మారదామని నాలుగైదేళ్ళుగా కూడబెడుతున్నది. ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాం. వంటింట్లో కిటికీ దగ్గర ఏ స్టూలు వేసుకోవాలో కూడా అనుకున్నాను.

"ఆ డబ్బు తీయండి," అన్నాను.

ఆయన నా మోకాళ్ళ వంక చూశారు.

"వాటి సంగతి నేను చూసుకుంటాను. కూరగాయల సంచి మీరు మొయ్యండి. ఋణం మనదని నేనే కదా అన్నాను. అన్నాక కట్టొద్దూ?"

ఆయన లేచి వెళ్ళి రెండు గ్లాసుల్లో కాఫీ కలుపుకొచ్చారు. పంచదార ఎక్కువైంది. తాగాను.

మర్నాడు అచ్యుతరావుగారి హాస్టలుకి ఇద్దరం వెళ్ళాం. ఆఫీసు గదిలో ఒక్కరే కూర్చుని ట్యూబులైటు కేసి చూస్తున్నారు. మావారు చెక్కు బల్ల మీద పెట్టారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నాకొద్దన్నారు. మొన్న మీరు నన్ను దొంగని చేశారన్నారు. తర్వాత, తను చాలాకాలం నుంచి నిద్రపోవట్లేదని చెప్పారు. మార్చి వచ్చినప్పుడల్లా సంతకం పెట్టడానికి వెళ్తుంటే కాళ్ళు వెనక్కి లాగేవట. "నువ్వు ఒక్కసారి లేదంటే బాగుండేదిరా రావూ. నేనూ అప్పుడే ఒక హాస్టలు వదిలించుకునేవాణ్ణి" అన్నారు. మావారు తలదించుకున్నారు. నేను గోడమీద ఉన్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు.

కాసేపయ్యాక అచ్యుతరావుగారు చెక్కు జేబులో పెట్టుకోబోయారు. అప్పుడు అన్నాను. "అన్నయ్యగారూ, ఒక కాగితం రాయండి."

"ఏంటి?"

"మాకు నెలకి ఎంత కడతారో, ఏ తారీఖున కడతారో."

మావారు "కమలా!" అన్నారు. అచ్యుతరావుగారు మాత్రం నా వంక కాసేపు చూసి, పెన్ను తీశారు. "కట్టకపోతే నువ్వూ నోటీసు ఇస్తావా చెల్లెమ్మా?"

"ఇస్తాను."

"ఇస్తుందిరోయ్," అన్నారు మావారు.

ముగ్గురం నవ్వాం. ఆయన రాశారు. సాక్షి సంతకం కోసం చుట్టూ చూస్తే, కింద వంటమనిషి తప్ప ఎవరూ లేరు. అతన్నే పిలిచి పెట్టించాం.

ఇప్పుడు మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. ఈ ఏడు డివిడెండ్ ఇస్తారా అని మావారు జీవమణిని అడిగారట, నివేదిక వచ్చాక అందరితోపాటు మీకూ తెలుస్తుందందట. లచ్చమ్మ షట్టర్ ముందు పచ్చ పరదా కట్టింది, నీడగా ఉంటోంది. మేమిద్దరం మూడో అంతస్తులోనే ఉన్నాం.

ఒకటో తారీఖు వస్తే అచ్యుతరావుగారు అన్ని మెట్లూ ఎక్కి, రొప్పుతూ వచ్చి కూర్చుంటారు. కవరు నా చేతికే ఇస్తారు, మావారికి ఇవ్వరు. "ఫోన్‌లో పంపించేయచ్చు కదా అన్నయ్యగారూ, ఎందుకింత శ్రమ" అంటే, పంచె అంచుతో మెడ తుడుచుకుంటూ, "ఫోన్‌లో పంపితే కాఫీ ఎవరిస్తారమ్మా" అంటారు.